పిన్నులు పీకిన పుస్తకాలు

ప్రతి శనివారం మధ్యాహ్నం రెండింటికి నా ఫోన్ ఒక చెక్క డబ్బాలోకి వెళ్లిపోతుంది. గేటు దగ్గర రిజిస్టర్‌లో పేరు, టైము రాసి సంతకం పెట్టాలి. తర్వాత బ్యాగు తెరవాలి. సెక్యూరిటీ అన్న ఒక్కో పుస్తకాన్నీ తలకిందులుగా పట్టుకుని దులుపుతాడు. స్పైరల్ బైండింగ్ ఉంటే లోపలికి పంపడు. పత్రికల మధ్యలో స్టేప్లర్ పిన్నులు కనిపిస్తే అక్కడే పీకేయాలి.

మొదట్లో నాకు చిరాకేసేది. ఇప్పుడు ఇంటి దగ్గరే శుక్రవారం రాత్రి వెబ్ సిరీస్ పెట్టుకుని పిన్నులన్నీ పీకేస్తున్నా. విడిపోయిన కాగితాల్ని లోపల టైలరింగ్ క్లాసులో, మాస్టారి ముందు, పిల్లలే దారంతో కుట్టుకుంటారు. నిజం చెప్పాలంటే పిన్నుల కంటే ఆ కుట్టే గట్టిగా ఉంటోంది.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఎవరో రాసిన కోడ్‌లో బగ్స్ వెతుకుతా. శనివారం రెండు గంటలపాటు ఒక అబ్జర్వేషన్ హోమ్‌లో లైబ్రరీ చూసుకుంటా. ఏ హోమ్ అని అడగొద్దు, చెప్పను. అక్కడి పిల్లల పేర్లు కూడా ఈ వ్యాసంలో ఎక్కడా కనిపించవు. కారణం కింద చెప్తా.

బీరువా కథ

రెండేళ్ల కింద మా ఆఫీసు వాళ్లు సీఎస్సార్ డే అని ఓ బస్సు నిండా మమ్మల్ని తీసుకెళ్లారు. గోడలకి రంగులేశాం, బిర్యానీ ప్యాకెట్లు పంచాం, గేటు బయట నిలబడి గ్రూప్ ఫొటో దిగాం. లింక్డ్‌ఇన్‌లో పోస్టు కూడా పెట్టాను, అబద్ధం ఎందుకు చెప్పాలి?

రంగేస్తున్నప్పుడే హాల్లో ఓ మూలన ఇనప బీరువా కనిపించింది. అద్దంలోంచి చూస్తే లోపల పుస్తకాలు. బయట తాళం. "తీస్తారా సార్?" అని అడిగితే, "తీస్తే పాడు చేస్తారు, ఆడిట్‌లో నన్నడుగుతారు" అన్నారు అక్కడి ఉద్యోగి. ఆయన తప్పని నేననను. లెక్క చూపించాల్సినవాడికి పుస్తకం చదివారా లేదా అన్నది లెక్కలోకి రాదు. ఉందా లేదా అన్నదే వస్తుంది.

మాది నల్గొండ వైపు పల్లె. పక్క ఊళ్లో శాఖా గ్రంథాలయం ఉండేది. ఎండాకాలం సెలవుల్లో చల్లటి గచ్చు మీద బోర్లా పడుకుని పాత చందమామలు చదివేవాణ్ణి. ఫ్యాన్ గాలి కోసమే వెళ్లేవాణ్ణనుకోండి, కానీ చదివాను కదా. తాళం వేసిన బీరువా చూశాక ఆ గచ్చు గుర్తొచ్చింది. వారం తర్వాత ఒక అప్లికేషన్ రాసుకుని మళ్లీ వెళ్లాను. పోలీస్ వెరిఫికేషన్, ఇద్దరి హామీ, ఆఫీసుల చుట్టూ నాలుగైదు ట్రిప్పులు. చివరికి శనివారం రెండు గంటలకి అనుమతి వచ్చింది.

జైలు కాదు, మరేంటి?

నేను కూడా మొదట 'పిల్లల జైలు' అనే అనుకున్నా. అది తప్పు. 2015లో చేసి, 2016 జనవరి 15 నుంచి అమల్లోకి వచ్చిన జువైనల్ జస్టిస్ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివాళ్లని లాకప్‌లో గానీ జైల్లో గానీ పెట్టకూడదు. పట్టుకున్న 24 గంటల్లోపు జువైనల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి. బోర్డులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. ఆ ఇద్దరిలో కనీసం ఒకరు మహిళ.

విచారణ సాగుతున్నంత కాలం పిల్లలు ఉండేది అబ్జర్వేషన్ హోమ్‌లో. అంటే మా లైబ్రరీకి వచ్చే అబ్బాయిల్లో చాలామంది తప్పు చేశారని ఇంకా ఎవరూ తేల్చలేదు. తేలాక పంపేది స్పెషల్ హోమ్‌కి, అది కూడా గరిష్ఠంగా మూడేళ్లు. విచారణని నాలుగు నెలల్లో ముగించాలి, అవసరమైతే ఇంకో రెండు నెలలు పొడిగించొచ్చు అని చట్టం చెప్తోంది. పెద్దవాళ్ల కేసుల్లోలా కాకుండా, బెయిల్ ఇవ్వడమే ఇక్కడ మామూలు పద్ధతి. ఇవ్వకపోతే ఎందుకు ఇవ్వలేదో బోర్డు రాతపూర్వకంగా చెప్పాలి.

ఇక పేర్ల సంగతి. సెక్షన్ 74 ప్రకారం ఈ పిల్లల్ని గుర్తుపట్టే వివరాలేవీ బయటపెట్టకూడదు. పేరు, ఊరు, స్కూలు, ఫొటో ఏదైనా సరే. పెడితే ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. సెక్షన్ 24 ఇంకో మాట చెప్తుంది: తప్పు చేసినట్టు తేలినా, ఆ ముద్ర వాళ్ల ఉద్యోగానికో చదువుకో అడ్డం రాకూడదు. 16 దాటి ఘోరమైన నేరాల్లో పెద్దవాళ్లతో సమానంగా విచారణ జరిగిన కేసులకి మాత్రం ఇది వేరుగా ఉంటుంది. మిగతా అందరికీ చట్టం ఇచ్చే హామీ ఒకటే: నీ పేరు నీదగ్గరే ఉంటుంది.

అందుకే నేనొక రూల్ పెట్టుకున్నా. "ఏం కేసు?" అని ఎవర్నీ అడగను. ఇప్పటికీ నాకు తెలీదు.

నా డాష్‌బోర్డు దెబ్బతిన్న కథ

ఇంజినీర్‌ని కదా, మొదటి నెలలోనే సిస్టమ్ మొత్తం డిజైన్ చేసేశా. ప్రతి పుస్తకానికీ కోడ్, ప్రతి అబ్బాయికీ కార్డు, ఇంటికొచ్చి ఎక్సెల్‌లో ఎంట్రీలు, పైన గ్రాఫులు. ఫ్రెండ్స్ దగ్గర పుస్తకాలు అడిగితే మూడు అట్టపెట్టెలు నిండాయి. తెరిచి చూస్తే సగం ఎంసెట్ మెటీరియల్, అందులోనూ సగం పెన్నుతో టిక్కులు పెట్టినవి. జావా పుస్తకం కూడా ఉంది, అది నేనిచ్చిందే.

అవి ఎవరూ ముట్టుకోలేదు. మొదటి నాలుగు వారాల్లో నలిగినవి రెండే రకాలు: సినిమా పేజీలున్న వీక్లీలు, బొమ్మల పుస్తకాలు.

జనం రావాలని నోటీస్ బోర్డు మీద 'ఈ నెల టాప్ రీడర్' అని పెట్టాను. పేరు రాయకూడదు కాబట్టి కార్డు నంబరు రాశా. ఒక అబ్బాయి వరసగా నాలుగు వారాలు అన్నింటికంటే లావు పుస్తకం తీసుకెళ్లి, సరిగ్గా శనివారానికి తెచ్చిచ్చాడు. గ్రాఫ్‌లో అతనే టాప్. చప్పట్లు కొట్టించా. ఆ రోజు అతని ముఖం చూడాలి మీరు.

ఐదో వారం కుతూహలం కొద్దీ అడిగా, "ఏం నచ్చిందిరా అందులో?" అని. తల దించుకున్నాడు. అందరూ వెళ్లిపోయేదాకా నిలబడి, అప్పుడు చెప్పాడు.

"నాకు సదువు రాదన్నా. మూడో తరగతిల్నే బంద్ జేసిన. మీరు చప్పట్లు కొట్టిస్తుంటే ఎట్ల చెప్పాల్నో సమజ్ గాలే."

ఆఫీసులో మేం తరచూ అనుకునే మాటే ఇది. ఏ అంకెనైతే లక్ష్యంగా పెడతామో, జనం ఆ అంకెనే పెంచుతారు, అసలు పని మిగిలిపోతుంది. అది తెలిసి కూడా నేనే ఒక పదిహేనేళ్ల పిల్లాడితో నాలుగు వారాలు నటింపజేశా. ఆ రాత్రి డాష్‌బోర్డు ఫైలు డిలీట్ చేశా. బోర్డు మీది చార్టు తీసేశా.

తర్వాతి శనివారం నుంచి మొదటి అరగంట నేనే గట్టిగా చదువుతున్నా. ఎవరైనా వినొచ్చు, ఎవరూ జవాబు చెప్పక్కర్లేదు. విక్రమార్కుడు-బేతాళుడి కథలతో మొదలుపెట్టాం. కథ చివర్న బేతాళుడు ప్రశ్న అడుగుతాడు కదా, అక్కడ ఆపేస్తా. ఇక చూడండి, రాజు తప్పా, మంత్రి తప్పా అని హాల్లో గొడవే గొడవ. ఎవరిది తప్పో తేల్చే కుర్చీలో ఒక్కసారి వాళ్లు కూర్చుంటారు. ఆ టాప్ రీడర్ ఇప్పుడు బయటికెళ్లిపోయాడు. వెళ్లేనాటికి బొమ్మ కింద ఒక లైను కూడబలుక్కుని చదివేవాడు. అంతే. అద్భుతం ఏమీ జరగలేదు. కానీ ఆ లైను మాత్రం అబద్ధం కాదు.

పుస్తకం పోయింది

అసలు పరీక్ష ఆర్నెల్ల తర్వాత వచ్చింది. బైక్ రిపేరింగ్ పుస్తకం ఒకటి ఉండేది. ఇంజిన్ బొమ్మలు, కార్బ్యురేటర్, క్లచ్ ప్లేట్లు, అన్నీ తెలుగులో. దానికోసం క్యూ ఉండేది. ఒక శనివారం అది కనిపించలేదు. ఎవర్నడిగినా "మాకు దెల్వదన్నా" అన్నారు.

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. నా సొంత డబ్బులు, నా శనివారాలు, ఆఫీసుల చుట్టూ తిరుగుళ్లు అన్నీ గుర్తొచ్చాయి. "పుస్తకం దొరికేదాకా ఎవరికీ ఇచ్చేది లేదు" అని బీరువాకి తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టుకున్నా. అవును, అదే బీరువాకి.

వెళ్లిపోతుంటే వెనకనుంచి ఒకడన్నాడు, గట్టిగా కూడా కాదు:

"మీరు గూడ మమ్మల్ని గట్లనే అనుకుంటున్నరా అన్నా? ఒక్కడు తీస్తే అందరం దొంగలమేనా?"

గేటు దగ్గర ఫోన్ తీసుకున్నా కానీ ఆన్ చేయలేదు. మెట్రోలో నిలబడి అదే మాట నమిలా. మా ఆఫీసులో ల్యాప్‌టాప్ చార్జర్లు ఎన్ని మాయం కావు? ఎవరి బ్యాగైనా వెతికామా? స్టోర్‌లో ఇంకోటి ఇస్తారు, అంతే. మరి ఇక్కడ ఒక పుస్తకం పోతే నా నోట్లోంచి మొదట ఏ మాట వచ్చింది? చట్టం కూడా వేయని ముద్ర నేను వేశాను. అది కూడా నలభై మందికి కలిపి.

తర్వాతి వారం వెళ్లి అందరిముందూ తప్పు ఒప్పుకున్నా. "నాది తప్పు. సారీ" అన్నా. ఒకరిద్దరు నవ్వారు. ఒకడు "సరే తియ్యి అన్నా తాళం" అన్నాడు. పెద్దవాళ్లు సారీ చెప్పడం వాళ్లకి కొత్తలా ఉంది. నాక్కూడా కొత్తే.

అసలు సంగతి తర్వాత తెలిసింది. బుధవారం ఒక అబ్బాయికి బెయిల్ వచ్చింది. వాళ్లమ్మ వస్తే, బట్టల కవరు సర్దుకుని పది నిమిషాల్లో వెళ్లిపోయాడు. పుస్తకం ఆ కవర్లోనే వెళ్లి ఉంటుందని వాళ్ల గదిలోవాళ్ల లెక్క. మర్చిపోయి పట్టుకెళ్లాడో, కావాలనే పట్టుకెళ్లాడో ఎవరికీ తెలీదు. అది తిరిగి రాలేదు.

సూపరింటెండెంట్ గారితో కూర్చుని మాట్లాడాం. నేను తెచ్చిన పుస్తకాలు ప్రభుత్వ లెక్కలోవి కావు కాబట్టి ఒక పద్ధతికి ఆయన ఒప్పుకున్నారు. ఇప్పుడు మా రిజిస్టర్‌లో 'పోయినవి' అన్న కాలమ్ లేదు. దాని స్థానంలో 'బయటికి వెళ్లినవి' అని ఉంది. ఎవరు విడుదలైనా తనకి నచ్చిన ఒక పుస్తకం తీసుకెళ్లొచ్చు. మొదటి ఎంట్రీ ఆ బైక్ పుస్తకం.

కేటీ నోట్‌బుక్

రిజిస్టర్ నేను రాయడం మానేశా. పిల్లల్లోనే ఒకరు లైబ్రేరియన్. చిక్కేంటంటే, ఇక్కడ ఎవరూ ఎక్కువ కాలం ఉండరు. ఉండకూడదు కూడా. కొందరు వారంలో వెళ్లిపోతారు, కొందరు నెలలు ఉంటారు. పని నేర్చుకున్నవాడికి సోమవారం బెయిల్ వస్తే, శనివారానికి కొత్తవాడు బిక్కమొహం వేసుకుని నిలబడతాడు.

ఇది నాకు బాగా తెలిసిన సమస్య. మా దగ్గర ఎవరైనా రాజీనామా చేస్తే నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ అంటాం, ముద్దుగా కేటీ. అందుకే ఒక వంద పేజీల నోట్‌బుక్ పెట్టి, "నీ తర్వాత వచ్చేవాడికి ఏం తెలియాలో ఇందులో రాయి" అన్నా. రాయడం రానివాళ్లు పక్కవాడితో చెప్పి రాయిస్తారు. మా కంపెనీ డాక్యుమెంట్ల కంటే ఇది వంద రెట్లు నయం. కొన్ని ఎంట్రీలు, వాళ్ల అనుమతితో:

"పచ్చ అట్ట కథల పుస్తకంల 14వ పేజీ లేదు. ఇచ్చేటప్పుడే చెప్పు, లేకుంటే కొట్లాట అయితది."

"కొత్తగ వచ్చినోళ్లు మొదటి రెండు రోజులు ఏం అడగరు. నువ్వే పొయ్యి బొమ్మల బుక్కు ఇయ్యి. మాట్లాడకు."

"అన్న మంచిగ చదువుతడు గని రాక్షసుడి గొంతు రాదు."

రెండో ఎంట్రీ చదివాక నేను చాలాసేపు ఆ పేజీ దగ్గరే ఆగిపోయా. ఏ కౌన్సెలింగ్ మాన్యువల్‌లోనూ నాకది దొరకలేదు.

ఏం చదువుతారు?

లావు పుస్తకాలు ఇక్కడ నడవవు. ఎన్నాళ్లుంటాడో తెలియనివాడికి 400 పేజీల నవల ఎలా ఇస్తాం? చిన్న కథలు కావాలి. శంకరమంచి సత్యం 'అమరావతి కథలు' ఒక్కోటీ మూడు నాలుగు పేజీలే, బాపు బొమ్మలతో. నామిని 'మిట్టూరోడి కతలు' చదివితే హాలు హాలంతా నవ్వుతుంది. చిత్తూరు యాస తెలంగాణ పిల్లలకి అర్థమవుతుందా అని భయపడ్డా. "మా తాత గూడ గిట్లనే తిడ్తడు" అన్నాడొకడు. బడి నుంచి తీసేసిన టోటో-చాన్ కథ తెలుగులో 'రైలుబడి'గా దొరుకుతుంది. స్కూలు బయటికి గెంటిన పిల్లలకి ఆ కథ గురించి నేను వేరే ఏం చెప్పక్కర్లేదు.

హైదరాబాద్ కాబట్టి ఉర్దూ, హిందీ కూడా కావాలి. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు, ఉర్దూ, హిందీ కథలు ఉచితంగా దొరుకుతాయి, ప్రింట్ తీసుకోవచ్చు. మాటల్లేని బొమ్మల పుస్తకాలైతే ఏ భాషవాడైనా పట్టుకుంటాడు.

అన్నింటికంటే ఎక్కువ నలిగింది మాత్రం కథల పుస్తకం కాదు, పిల్లల హక్కుల మీద తేలిక తెలుగులో ఉన్న చిన్న బుక్‌లెట్. 16 దాటిన ఒకబ్బాయి దాన్ని మూడు వారాలు వదల్లేదు. ఒకరోజు వేలు పెట్టి చూపించి, "ప్రిలిమినరీ అసెస్‌మెంట్ అంటే నన్ను పెద్దోళ్ల కోర్టుకి పంపుడా అన్నా?" అని అడిగాడు. ఏడేళ్లు, అంతకంటే ఎక్కువ కనీస శిక్ష ఉన్న నేరం ఆరోపణ 16-18 మధ్య వయసువాళ్ల మీద వస్తే బోర్డు చేసే పరిశీలన అది. నాకు తెలిసిన రెండు ముక్కలు చెప్పి ఆగిపోయా. నేను లాయర్ని కాదు, తప్పు చెప్తే నష్టం అతనికి. ఈ పిల్లలకి ఉచిత న్యాయ సహాయం హక్కు. ప్రశ్నలన్నీ కాగితం మీద రాయమన్నా. లీగల్ సర్వీసెస్ లాయర్ వచ్చినరోజు ఆ కాగితం చూపించి వరసగా తొమ్మిది ప్రశ్నలు అడిగాడట. అతని కేసు ఏమైందో నాకు తెలీదు. కానీ తన గురించి జరిగే మాటల్లో తనూ ఒక మాట మాట్లాడాడు.

లైబ్రరీ సైన్స్ పితామహుడు రంగనాథన్ 1931లో ఐదు సూత్రాలు చెప్పారు. మొదటిది: పుస్తకాలు వాడకానికే. ఆయన మొదట లెక్కల మాస్టారు, అందుకే అంత సూటిగా చెప్పగలిగారేమో. 1914లో విజయవాడలో గ్రంథాలయ సంఘం పెట్టిన మన పెద్దవాళ్లదీ అదే మాట. వాళ్లు పుస్తకాల్ని పడవల్లో కూడా ఊళ్లకి పంపారు. ఇనప బీరువా తాళం తీయడం దానిముందు ఎంత పని?

మీరూ చేయొచ్చు, కానీ...

ఈ పని చేయాలనుకుంటే కొన్ని సంగతులు ముందే చెప్తా. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో అనుమతి అడగండి, టైం పడుతుంది. ఫొటోలు, రీల్స్ మర్చిపోండి. ప్రతి వారం వెళ్లగలిగితేనే మొదలుపెట్టండి. వచ్చి మానేసేవాళ్లని ఆ పిల్లలు ఇప్పటికే చాలామందిని చూశారు. మీ ఇంట్లో చెత్త పుస్తకాలు ఖాళీ చేసుకోవడానికి ఇది చోటు కాదు. మీ తమ్ముడికి ఇవ్వలేని పుస్తకం వాళ్లకీ ఇవ్వొద్దు.

ఇంకో మాట. మీకు తెలిసిన పిల్లలెవరైనా ఆపదలో ఉంటే 1098 గుర్తుపెట్టుకోండి. లాయర్ కావాల్సివస్తే నల్సా నంబరు 15100.

నిన్న శుక్రవారం పిన్నులు పీకుతూ ఈ వ్యాసం రాశా. ఇవాళ బ్యాగులో ఆరు ఉర్దూ బొమ్మల పుస్తకాలున్నాయి, బైక్ రిపేరింగ్ పుస్తకం కొత్త కాపీ ఉంది. మొన్న లైబ్రేరియన్‌కి బెయిల్ వచ్చిందట, కొత్తవాడెవరో ఇంకా తెలీదు. కేటీ నోట్‌బుక్ టేబుల్ మీదే ఉంటుంది, చూసుకుంటాడు. నేను మాత్రం రాక్షసుడి గొంతు ప్రాక్టీస్ చేయాలి.